పేరు లేని కొలతలు

"కాలరు వంకర పోయింది చూడు," అంటూ భర్త చొక్కా తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. వంకర పోయిన మాట నిజమే. ఆ కుట్టు వేస్తున్నప్పుడే పొత్తికడుపులో కుడిపక్క, పాత కోత చివర, సూది గుచ్చి మెలితిప్పినట్టయి, మిషను తొక్కే కాలు అదిరింది. ఆ సంగతి చెబితే ఏ జవాబు వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. "గ్యాసు. టీ తగ్గించు." ఆయనగారి వైద్యం మొత్తం ఆ రెండు ముక్కలే. ఆమె కుట్టు విప్పింది.

ముందు గదే దుకాణం. బోర్డు మీద పేరు ఆయనది, మిషను ముందు వంగిన నడుము ఈమెది. ఆయన మెడలో టేపు వేసుకుని, వచ్చినవాళ్లతో కబుర్లాడుతూ కొలతలు చెబుతాడు, ఆమె రాసుకుంటుంది. ఆయన గుడ్డ కత్తిరిస్తాడు. ఆ తర్వాత చొక్కా అయ్యేదాకా ఉన్న పనంతా ఆమెదే. జ్వరంతో మూలుగుతున్నా సరే, "ఇచ్చిన తేదీ తప్పితే పరువు పోతుంది" అని గుర్తుచేస్తాడు. వంట, అంట్లు, పిల్లదాని చదువు, అత్తగారి మోకాళ్లకు మందు రాయడం, ఇవేవీ పని కిందికి రావు. "ఇంట్లో కూర్చుని చేసేదేగా," అంటుంది అత్తగారు, కూర్చోవడమే పెద్ద వరమన్నట్టు.

పిల్లదానికిప్పుడు ఆరేళ్లు. కడుపు కోసి తీశారు. రెండేళ్లు తిరిగాక ఆ కోత చివర చిన్న గడ్డ తేలింది. "కోత కాన్పు లోకంలో నీ ఒక్కదానికే అయిందా?" అని అత్తగారు మూతి తిప్పింది. వీధి చివరి డాక్టరు వేలితో నొక్కి చూసి, లోపలి కుట్టు ముడి పడుంటుందిలే అన్నాడు. ఆమెకు అక్కడే అనుమానం వచ్చింది. ముడుల సంగతి ఆమెకొకరు చెప్పాలా? వేసిన ముడి వేసినట్టే ఉంటుంది. నెలనెలా లావెక్కి మళ్లీ చిక్కిపోయే ముడిని ఇన్నేళ్ల కుట్టుపనిలో ఆమె ఎక్కడా చూడలేదు.

అందుకని కొలవడం మొదలుపెట్టింది. స్నానాల గది గడియ పెట్టుకుని, గడ్డ మీద టేపు ఆనించి చూసి, ఆ అంకెను కొలతల పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి రాసేది. ఆ పుస్తకంలో ప్రతి పేజీ పైనా ఒక పేరుంటుంది. ఈ పేజీకి మాత్రం లేదు. తన పేరు రాయబోతే సిగ్గేసింది, తన ఒంటిని తాను పట్టించుకోవడం కూడా దొంగతనమైనట్టు. అర అంగుళం. అర అంగుళం. నెలసరి వచ్చిన రోజు ముప్పావు. మూడోరోజు అంగుళమున్నర. వారం పోయాక మళ్లీ అర. అలా పదహారు నెలలు రాసింది.

పోయిన వారం మిషను దగ్గరే కూలబడిపోయింది. స్కూలు యూనిఫారాల ఆర్డరు సగంలో ఉంది కాబట్టి భర్త హడలిపోయి పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు.

సర్జను నెరిసిన మీసాల పెద్దాయన. గడ్డ తడిమి, దగ్గమని చూసి, "హెర్నియాలా ఉంది. పేగు జారి ఉంటుంది," అని కాగితం మీద రాస్తూ అడిగాడు. "నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"పని ఎక్కువైతే వస్తుందండీ," అన్నాడు భర్త.

"ఎన్ని రోజులుంటుంది?"

"ఆ, రెండ్రోజులుంటుందండీ, మూడ్రోజులు..."

సర్జను కలం ఆపాడు. "గడ్డ మీకుందా, ఆవిడకుందా?"

ఆమె సంచీలోంచి పుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. పెద్దాయన ఒకసారి చదివాడు. మళ్లీ మొదటికి వచ్చి, తేదీల మీద వేలు నడుపుతూ చదివాడు. అప్పటిదాకా రాసింది కొట్టేశాడు.

"ఇది హెర్నియా అనిపించట్లేదమ్మా. కాన్పు కోత అప్పుడు గర్భసంచి లోపలి పొర రవ్వంత ఇక్కడ అంటుకుపోయి ఉంటుంది. నెలసరి వచ్చినప్పుడల్లా అదీ రక్తం కారుస్తుంది. బయటికి దారి లేదు, అందుకే ఉబ్బుతుంది. ముప్పై ఏళ్లలో నేను నాలుగే చూశాను. ఈ పేజీ లేకపోతే ఇది ఐదోదని నాకు తట్టేది కాదు."

జబ్బుందని వినడం ఇంత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు. కళ్లు చెమర్చాయి. వెనకే కోపమూ వచ్చింది. నాలుగేళ్లుగా మానేసిన టీలన్నీ గుర్తొచ్చాయి.

ఇంతలో యూనిఫారాల స్కూలు నుంచి ఫోనొస్తే భర్త బయటికి వెళ్లాడు.

"చుట్టూ కాస్త ఎక్కువగానే తీసి, ముక్కను పరీక్షకు పంపుతాం. తర్వాత ఆరు వారాలు మిషను ముట్టుకోకూడదు," అన్నాడు సర్జను. "తొమ్మిదో తేదీ ఖాళీ ఉంది. మీవారిని అడిగి చెబుతారా?"

"వేసెయ్యండి," అంది ఆమె.

వరండాలో ఆ కబురు వినగానే భర్త ముఖం ముడుచుకుంది. "తొమ్మిదా? యూనిఫారాలు ఇరవయ్యికి ఇవ్వాలి! నాలుగేళ్లు ఆగింది, ఇంకొక్క నెల ఆగలేదా? మిషను మీద ఎవరు కూర్చుంటారనుకున్నావ్?"

"ఇంట్లో కూర్చుని చేసేదేగా. మీరు కూర్చోండి."

ఆమె పుస్తకం తెరిచి, చివరి పేజీ పైన తన పేరు రాసుకుంది. కింద, మిగతా పేజీలన్నిటిలో డెలివరీ తేదీ వేసే చోట, తొమ్మిది వేసింది.

"తేదీ ఇచ్చేశానండీ," అంది. "తప్పితే పరువు పోతుంది."