మణికట్టు మీద మూడు వేళ్లు

చేతులింత చల్లగా ఉన్నాయేంటే అంటుందేమో, అనదులే, నర్సింగు ప్రాక్టికల్స్‌లో నోరు విప్పితే మార్కులు పోతాయి, నా నేస్తం పొట్టి నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి గోడ గడియారం ముల్లునే చూస్తోంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఇవాళ ఈ మంచం మీద నేను రోగిని, పొట్టి నర్సు, తర్వాత నేను నర్సును, దుప్పటి కింద రెండు స్వెట్టర్లు వేసుకున్నా వణుకే, పొద్దున అమ్మ ఫోన్లో తిన్నావా అంది, తిన్నానమ్మా అన్నాను, ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో, పోషకాహారం పేపర్లో క్లాసు ఫస్టు నేనే, ఏ రోగికి ఏం పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను, మొదటి ఏడు అనాటమీ ఫెయిలైనప్పుడు కదూ ఇదంతా మొదలైంది, సిగ్గుతో అన్నం సయించలేదు, ఖాళీ కడుపుతోనే చదివాను, మళ్లీ రాస్తే మార్కులే మార్కులు, అప్పట్నుంచి కడుపు నిండితే ఫెయిలవుతానని భయం, ముందు ఒక పూట మానేశాను, తర్వాత రెండు పూటలు, తర్వాత అద్దం కూడా నాకు మార్కులు వెయ్యడం మొదలుపెట్టింది, మెస్సులో నా ప్లేటు పొట్టి ముందుకు తోసేదాన్ని, నీకొద్దా, టిఫినే అరగలేదే, నువ్వు లాగించు, పిచ్చిమొహం, నమ్మేసి లాగించేది.

ముప్పై ఎనిమిది మేడం, అంది పొట్టి, పరీక్ష పెడుతున్న మేడం నవ్వింది, డెబ్బయ్యో ఎనభయ్యో రావాల్సింది ముప్పై ఎనిమిదా, ఎవరి నాడి చూశావమ్మా, శవానిదా, మళ్లీ లెక్కపెట్టు, ఈసారి వేళ్లు గట్టిగా నొక్కుకున్నాయి, చెమటతో జారుతున్నాయి, ఎంతొస్తుందో నాకు తెలుసు, బాత్రూంలో తలుపు గడియ పెట్టి నేనే ఎన్నిసార్లు చూసుకోలేదు, ముప్పై ఎనిమిదే మేడం, అంది పొట్టి మళ్లీ, నిక్షేపంలా ఉన్న పిల్లకు అంత తక్కువెలా ఉంటుందే, రేపు వార్డులో ఎవరి ప్రాణం తీస్తావు, మేడం నా చెయ్యి ముట్టుకోలేదు, క్లాసు ఫస్టు మొహం చూసింది, అది చాలనుకుంది, ఎర్ర పెన్ను మూత తీసింది, పోయినసారీ పొట్టి ఇక్కడే ఫెయిలైంది, ఈసారీ ఫెయిలైతే చదువు మాన్పిస్తానన్నాడట వాళ్ల నాన్న, చెబితే నా బరువు తూస్తారు, ఆస్పత్రిలో పడేస్తారు, అమ్మకు తెలుస్తుంది, మిగతా పరీక్షలు పోతాయి, ఫస్టు పోతుంది, నోరు మూసుకుంటే సరి, ఎవరికీ తెలీదు.

పొట్టి నావైపు చూడ్డం లేదు, తన వేళ్లనే చూసుకుంటోంది, తప్పంతా వాటిదేనన్నట్టు, దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఇంతమంది డాక్టర్లు, నర్సులు, మేడమ్‌లు తిరిగే ఈ భవనంలో నా సంగతి పట్టుకున్నది ఈ లాస్టు బెంచీ పిల్ల ఒక్కతే, అదీ తను తప్పు చేశాననుకుంటోంది, మేడం, దాని లెక్క కరెక్టే, నాకంతే ఉంటుంది, నేను అన్నం తినడం లేదు మేడం, అన్నాను, నిజంగానే అన్నాను, పెన్ను ఆగిపోయింది, లేవబోతే గది గిర్రున తిరిగింది, పొట్టి వేళ్లు నా చేతిని వదల్లేదు, వాటి కింద నా నాడి ఒకసారి కొట్టుకుని, ఆగి, మళ్లీ కొట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో, ఇన్నేళ్లూ ఫెయిలవుతానేమోనని వణికాను, ఇవాళే మొదటిసారి, చచ్చిపోతానేమోనని భయమేసింది.