మూతకూ ఫ్యానుకూ మధ్య

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కోసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఏ వస్తువు కనబడినా అది బిగువుగా ఉందా, వదులుగా ఉందా అని చూస్తారు. వాళ్ళ తప్పు కూడా కాదు. ఫ్రేములో లెన్సు కాస్త వదులైతే చాలు, ఎవరో ఒకరు తుమ్మినప్పుడు ఊడి కాఫీ కప్పులో పడుతుంది. అందుకని లెన్సును వెంట్రుకవాసి పెద్దగా కోసి, ఫ్రేమును వేడిచేసి, వేళ్ళతో నొక్కి కూర్చోబెడతారు. టక్కుమంటుంది. పదహారేళ్ళుగా రోజుకు ఇరవైసార్లు ఆ టక్కు విన్న మన తమ్ముడికి, లోకంలో ప్రతిదీ అలాగే టక్కుమని కూర్చోవాలనిపించడంలో వింతేమీ లేదు. షాపులో అతన్ని కొలతల మాస్టారు అనేవారు. అందులో కొంత వెటకారం ఉందని అతనికి తప్ప అందరికీ తెలుసు.

అతనికి ఒక అక్క ఉంది. చూపు లేని పిల్లల కోసం నడిచే ఒక గ్రంథాలయానికి పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇస్తుంది. మెట్ల కింద సామాను గదిని ఖాళీ చేయించి, గోడలకు పాత దుప్పట్లు వేలాడదీసి, లోపల ఒక కుర్చీ, జానెడు బల్ల, మైకు పెట్టుకుంది. తలుపు మూస్తే బయటి చప్పుడు లోపలికి రాదు. కానీ లోపల ఉన్న పాత కంప్యూటరు మాత్రం పిండిమర లాగా మోగేది.

"ఒరేయ్, నాకు చిన్న కంప్యూటరు ఒకటి బిగించి పెట్టరా. బల్లమీద పుస్తకమంత చోటే ఉంది. నోరు మూసుకుని పనిచేసేది కావాలి, నీలాంటిది కాదు," అంది అక్క.

తమ్ముడు ఛాతీ విరిచాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా బావని కాదని తననే పిలుస్తారు మరి. వారంరోజులు చదివి, అడిగి, చివరికి పుస్తకమంత పెట్టె ఒకటి ఎంచాడు. మిగతా భాగాలన్నీ సులభంగానే కుదిరాయి. ప్రాసెసర్ మీద కూర్చుని ఫ్యానుతో దాన్ని చల్లబరిచే కూలర్ దగ్గరే ఆగిపోయాడు. అంత పల్చటి పెట్టెలో మామూలు కూలర్ పట్టదు, పొట్టిది కావాలి.

విడిభాగాల షాపులో కౌంటరు వెనక ఉన్నావిడ రెండు కూలర్లు తీసి ముందు పెట్టింది. ఒకటి ముప్పై ఏడు మిల్లీమీటర్ల ఎత్తు, ఇంకొకటి నలభై ఏడు. పెట్టెలో నలభై ఏడు దాకా పడుతుందని దాని అట్టమీదే అచ్చువేసి ఉంది.

"పొట్టిది తీసుకోండి," అందావిడ.

"పెద్దది చల్లగా ఉంచుతుంది కదండీ?"

"గాలి అందితే ఉంచుతుంది. ఫ్యాను పైనుంచి గాలి లాక్కోవాలి. మూత దానిమీదే ఆనితే ఎక్కడినుంచి లాక్కుంటుంది చెప్పండి? పైన కొంచెం ఖాళీ వదలాలి."

తమ్ముడు జేబులోంచి కొలిచే పరికరం తీశాడు. అది లేకుండా అతను పెళ్ళిచూపులకు కూడా వెళ్ళలేదని బావ అంటుంటాడు. పెద్ద కూలర్ కొలిచాడు, పెట్టె లోతు కొలిచాడు. సరిగ్గా నలభై ఏడు, సరిగ్గా నలభై ఏడు. అతని మొహం వెలిగిపోయింది.

"నేను అద్దాలు కోసేవాణ్ణండీ. పది మిల్లీమీటర్లు వదిలేస్తే మా షాపులో నన్ను వదిలేస్తారు," అన్నాడు.

ఆవిడ భుజాలెగరేసి పెద్దదాన్ని సంచిలో వేసింది. చెప్పాల్సింది చెప్పింది, ఇంకేం చేస్తుంది?

ఆ శనివారం అక్క వంటింటి బల్లమీద కంప్యూటరు బిగించాడు. మూత పెట్టి నొక్కితే టక్కుమంది. "చూశావా అక్కా, దూదిపింజ కూడా దూరదు," అన్నాడు. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు లోపలినుంచి స్స్ అని సన్నటి చప్పుడు వచ్చింది. కాస్త పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. కొత్తది కదా, నాలుగు రోజులైతే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. పాత పిండిమరతో పోలిస్తే అక్కకు అది చప్పుడే కాదు. తమ్ముడి వీపు తట్టింది.

మూడు నెలలు గడిచాయి. అక్క ఏడో తరగతి భూగోళం చదువుతోందని అతనికి తెలుసు. ఫోనులో ఎప్పుడడిగినా "కంప్యూటరు బంగారంరా" అనేది. ఈ మధ్య మాటలు తగ్గించింది, పొడిపొడిగా మాట్లాడుతోంది. పనిలో ఉందేమో అనుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వెళ్తే, అక్క అన్నం కలుపుకోబోయే ముందు కొంగుచాటున ఏదో నోట్లో పెట్టుకుని పీల్చింది. ఉబ్బసం ఇన్‌హేలర్.

"ఇదేంటక్కా?"

అక్క అన్నం కలుపుకోసాగింది. బావ చెప్పాడు.

"మళ్ళీ మొదలైందటోయ్. గ్రంథాలయం వాళ్ళు మూడు పాఠాలు తిప్పి పంపారు. చదివేవారి ఊపిరి చప్పుడు వినిపిస్తోందని రాశారు. డాక్టరు విని ఛాతీ శుభ్రంగా ఉందన్నాడు. ఈవిడే వినదే! చిన్నప్పుడు ఉండేది కదా, లోపల ఎక్కడో ఉందంటుంది. పట్టుబట్టి ఈ మందు రాయించుకుంది."

"నాకు వినబడుతోంది కదా," అంది అక్క. "హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే స్పష్టంగా వినబడుతోంది. పిల్లికూతలు. చదవడం ఆపినా ఆగట్లేదు. సగం పేజీకోసారి మొహం అటు తిప్పి, ఊపిరి వదిలి, మళ్ళీ ఇటు తిరిగి చదువుతున్నా. అయినా వస్తోంది. మేడ మెట్లు ఎక్కడం మానేశా, చల్లనివి మానేశా. ఇంకో పాఠం చూస్తారట. అదీ బాగాలేకపోతే పుస్తకం వేరేవాళ్ళకి ఇస్తారు."

తమ్ముడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే గది. అక్క పిల్లికూతలు ఎలా ఉంటాయో అతనికి తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. బడిలో స్నేహితుల ముందు వాటిని అనుకరించి నవ్వించినవాడు కూడా అతనే.

"ఏదీ, ఒకసారి వినిపించు," అన్నాడు.

మెట్ల కింద గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అక్క గొంతు నదుల గురించి చెబుతోంది. గొంతు వెనక స్స్ అని పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగే చప్పుడు. రెండు క్షణాలు చాలాయి. హెడ్‌ఫోన్లు తీసి, పెట్టె మూతమీద అరచెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. మూత చిన్న చిన్న కన్నాలలోంచి గాలి కోసం ఫ్యాను పెనుగులాడుతూ అదే చప్పుడు చేస్తోంది. మూత అంచు కాస్త ఎత్తిపట్టాడు. చప్పుడు పోయింది. వదిలాడు. వచ్చింది.

కౌంటరు వెనకావిడ మాట, ఆవిడకు తను ఇచ్చిన జవాబు, అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చాయి. ఒళ్ళంతా సిగ్గుతో మండింది. తల తిప్పితే తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది, చేతిలో ఇన్‌హేలర్.

"విన్నావుగా," అంది. "నా ఊపిరే కదూ?"

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా. "దుమ్ము పట్టిందేమో, వచ్చే వారం వచ్చి దులుపుతా" అన్న మాట బయటికొచ్చింది. ఆ మాట ఎవరన్నారా అని అతనికే ఆశ్చర్యం వేసింది. అక్క తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు విడిభాగాల షాపుకు వెళ్ళాడు. ఆవిడ అతన్ని గుర్తుపట్టింది. ముప్పై ఏడుది తీసి ముందు పెట్టింది. నాలుగు తిడితే బాగుండునని అతనికి అనిపించింది. శుక్రవారం అక్క బజారుకు వెళ్ళిన సమయం చూసుకుని వెళ్ళి, దొంగలా మెట్ల కింద దూరి కూలర్ మార్చాడు. మూత పెట్టాడు. ఫ్యాను పైన చూపుడువేలు పట్టేంత ఖాళీ. స్విచ్చి వేస్తే వేసినట్టే తెలియలేదు. పాతదాన్ని గుడ్డలో చుట్టి సంచి అడుగున దాచాడు. సొంత అక్క ఇంట్లో సొంత డబ్బాలోంచి సొంత తప్పును దొంగిలించుకుపోయే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఇంక గొడవ తీరినట్టే అనుకున్నాడు. పాఠం బాగా వస్తుంది, అక్క సంతోషిస్తుంది, పాత సంగతి ఎవరికి కావాలి? షాపులో లెన్సులు కోస్తూ రోజూ తనకు తాను ఇదే చెప్పుకున్నాడు. కానీ ఆ రెండు వారాల్లో మూడు లెన్సులు పగిలాయి.

తర్వాత అక్కే ఫోను చేసి రమ్మంది. వెళ్ళేసరికి గుమ్మంలోనే ఎదురైంది.

"పాఠం తీసుకున్నారురా! ఒక్క చప్పుడు లేదన్నారు. మందు పనిచేసింది చూశావా, డాక్టరు ఏమీ లేదన్నాడు!"

ఇన్‌హేలర్ ఎత్తి చూపించింది. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. ఆ మందు ఎక్కువైతే చేతులు వణుకుతాయట, బావ చెప్పాడు.

"ఎన్నిసార్లు పీలుస్తున్నావక్కా?"

"చదివే ముందు రెండు, చదివాక రెండు. ఇంకేం, జన్మంతా ఇదే. అన్నట్టు, వాళ్ళు ఇంకోటి కూడా అడిగారు. పదో తరగతి దాకా పుస్తకాలన్నీ నన్నే చదవమన్నారు, రెండేళ్ళ పని. వద్దన్నాను."

"ఎందుకు?"

"ఒక పాఠానికే ఇంత కష్టపడ్డా. నా ఊపిరి మీద నాకు నమ్మకం లేదురా. మధ్యలో ఆగిపోతే పిల్లల చదువు పాడవుతుంది. వేరేవాళ్ళని చూసుకోమన్నా." ఆవిడ ఎంతో కోరుకున్న పని అది.

తమ్ముడు చెప్పులు కూడా విప్పలేదు. సంచి అడుగునుంచి గుడ్డమూట తీసి ఆమె చేతిలో పెట్టాడు. రెండు వారాలుగా ఆ సంచి మోస్తూనే ఉన్నాడు.

"ఏంటిది?"

"నీ పిల్లికూతలు."

అక్క మూట విప్పి కూలర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. అతను గుమ్మంలో నిలబడే అంతా చెప్పాడు. రెండు కూలర్లు, పెద్దది ఎంచుకోవడం, ఆవిడ వద్దంటే తను ఏమన్నాడో ఆ మాటలు, మూత ఎత్తితే ఆగిన చప్పుడు. "నీకు ఉబ్బసం లేదక్కా. ఇన్ని నెలల్లో ఒక్కరోజు కూడా రాలేదు. తప్పు నాది. సిగ్గేసి చెప్పలేకపోయా."

అక్క కూలర్‌ను మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

మొన్ననే తెలిసింది అనవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ ఆదివారం నుంచి. ఇరవై రెండు రోజులు."

"తప్పు కూలర్ పెట్టినందుకు నవ్వి ఊరుకునేదాన్నిరా," అంది అక్క. "ఇరవై రెండు రోజులు నేను ఇది పీలుస్తుంటే చూశావు."

అతని తల వంగిపోయింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. చెప్పులు విప్పి లోపలికి రమ్మంది. మెట్ల కింద గదిలో కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు అతని చెవులకు తనే పెట్టింది. తెరమీద, ఆ పాఠాలు ఆమె మళ్ళీ మళ్ళీ చదివిన ఫైళ్ళ వరుస ఉంది, నలభై ఒకటి.

"నేను ఏదీ చెరపలేదు. మొదటినుంచి విను. దాటెయ్యకుండా విను. నేనీలోపల గ్రంథాలయానికి ఫోన్ చేసుకోవాలి, ఆ పని ఇంకా ఎవరికీ ఇవ్వలేదేమో కనుక్కోవాలి." తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయింది.

రికార్డు చేసేటప్పుడు తప్పు దొర్లితే ఆపరు, తప్పు జరిగిందని మైకులోనే చెప్పి ఆ వాక్యం మళ్ళీ చదువుతారు. అవతల గ్రంథాలయంలో కూర్చున్నవాళ్ళు చెడిపోయిన ముక్క కత్తిరించుకుంటారు. ఆ పద్ధతి తమ్ముడికి తెలియదు. మొదటి ఫైలులో అక్క గొంతు కొండల్లో పుట్టే నది గురించి చెప్పుకుంటూ వెళ్ళింది. వెనక ఫ్యాను చప్పుడు లేచింది. గొంతు ఆగింది.

"క్షమించండి, నా ఊపిరి అడ్డొచ్చింది. ఈ వాక్యం మళ్ళీ చదువుతాను."

మళ్ళీ చదివింది. ఫ్యాను మళ్ళీ లేచింది. "క్షమించండి, నా ఊపిరి అడ్డొచ్చింది." పేజీకి నాలుగుసార్లు, అయిదుసార్లు. మొదటి ఫైళ్ళలో గొంతు మామూలుగానే ఉంది. పదో ఫైలుకు బతిమాలుతోంది. ఇరవయ్యో ఫైలు దగ్గర ఒకచోట మైకు ముందే ఏడ్చి, ముక్కు చీది, ఏడ్చినందుకు కూడా క్షమాపణ చెప్పింది. తమ్ముడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చెవులు కప్పుకునే వీల్లేదు, చెవుల్లోనే ఉంది ఆమె గొంతు.

తలుపు కొంచెం తెరుచుకుంది. అక్క తల లోపలికి పెట్టింది.

"ఆ పని నాకే ఉంచారు," అంది. "అయిపోయిందా?"

"లేదక్కా. ఇంకా ఉన్నాయి."

"విను."

తలుపు మూసుకుంది. అతను ఒక్కటీ దాటెయ్యకుండా విన్నాడు. నలభై ఒకటోది కూలర్ మార్చిన తర్వాత చదివినది. గ్రంథాలయం వాళ్ళు మెచ్చుకున్న పాఠం. ఎంత చెవులు రిక్కించినా వెనక ఏ చప్పుడూ లేదు. నది చివరికి సముద్రంలో కలిసింది. అక్క గొంతు ఆగింది. కాసేపు ఏమీ వినిపించలేదు.

"క్షమించండి," అందా గొంతు, "నా ఊపిరి అడ్డొచ్చిందేమో. ఈ వాక్యం మళ్ళీ చదువుతాను."