కాలర్ మీద జోలపాట

ఇస్త్రీ బాబాయ్ పొద్దున్నే పెట్టె వేడెక్కేలోపు కాలర్లన్నీ చదివేసేవాడు. ఫోన్లో విన్న పాట సాయంత్రానికల్లా విన్నవాళ్ల కాలర్ వెనక అక్షరాలై తేలుతుంది. రెండు ఉతుకులకి గానీ పోదు. సొంత కేసెట్లు, రికార్డులు ఉన్నవాళ్ల కాలర్లు మాత్రం తెల్లగా ఉంటాయి. ఫోన్లోది అద్దె పాట మరి, ఊరుకుంటుందా! అసలు యూనిఫాంకి తెలుపు రంగు ఎంచినవాణ్ణి అనాలి. సరే, అది వేరే గొడవ.

మేడమీద అమ్మాయి మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. ఆ రోజు ఆమె రెండు చొక్కాల మీదా జోలపాటే.

"ఎన్నో నెలమ్మా?"

"మూడు. నెమ్మదిగా, బాబాయ్! రేపే పర్మనెంట్ లిస్టు. సూపర్‌వైజరమ్మ కాలర్లు చూసే సంతకం పెడుతుంది. కడుపుతో ఉన్నానని తెలిస్తే ఇంటికే."

"కేసెట్లో వినకపోయావా?"

"మా ఇంట్లో కేసెట్ ఎక్కడిది? పాటలన్నీ ఫోన్లోవే. ఇస్త్రీకి పోదా?"

"ముడతలైతే పోతాయి."

సూపర్‌వైజరమ్మ బట్టలూ ఆ బల్ల మీదకే వస్తాయి. ఇంటినిండా సొంత రికార్డులున్న మనిషి, కాలర్ మల్లెపువ్వులా ఉంటుంది. యూనిఫాం, కొలతలు ఇద్దరివీ ఒకటే. ఏ చొక్కా ఎవరిదో తెలిసేది లోపల బాబాయ్ వేసే సిరా గుర్తుతోనే. ముప్పై ఏళ్లలో ఒక్క గుర్తూ తప్పు పడలేదు. ఆ సాయంత్రం పడింది.

మర్నాడు కంపెనీలో అందరూ వరసగా నిలబడ్డారు. మేడమీద అమ్మాయి కాలర్ తెల్లగా ఉంది. సూపర్‌వైజరమ్మ తన కాలర్ చూసుకోలేదు; ఆమెను తనిఖీ చేసేవాళ్లెవరు? పేర్లు రాయడానికి బోర్డు వైపు తిరిగింది.

"ఎన్నో నెల మేడమ్?" అంది వెనక వరసలో ముసలి ప్యాకరమ్మ.

సూపర్‌వైజరమ్మకి యాభై ఆరేళ్లు. హాలంతా గొల్లున నవ్వింది. ఆమె మెడ వెనక తడుముకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చాలాసేపటికి లిస్టు బయటికొచ్చింది. అందరి పేర్లకీ సంతకం ఉంది. కాలర్ల తనిఖీ ఇక లేదని కింద ఒక ముక్క.

సాయంత్రం సూపర్‌వైజరమ్మ ఆ చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది నాది కాదు."

"చూపు ఆనడం లేదమ్మా."

"అలాగా? నిన్నటిదాకా ఊరందరి కాలర్లూ చదివారుగా."

బాబాయ్ చొక్కా మడత విప్పి పరిచాడు. ఇక ఎవరిదని అడుగుతుందనుకున్నాడు. ఆమె అడగలేదు. కాలర్ మీద ముడతను వేలితో సర్ది, "ఇక్కడ పెట్టె గట్టిగా ఆనించకండి, బిడ్డ నిద్ర లేస్తుంది" అని వెళ్లిపోయింది.