పరుగురాని నక్కపిల్ల

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అతనికి ఆదివారం వస్తే పొద్దు పోదు. ఒంటిగదిలో ఎంతసేపని గోడలు చూస్తాడు? ఆ మధ్యాహ్నం అటక సర్దుతుంటే, అరచేతిలో పట్టుకుని ఆడే పాత వీడియోగేమ్ దొరికింది. కొత్త బ్యాటరీలు వేయగానే తెరమీద నక్కపిల్ల గెంతింది.

ఇరవై ఏళ్ల వయసులో అతను ఒక వారపత్రికకు ఆటల మీద సమీక్షలు రాసేవాడు. ఈ ఆటనైతే ఉతికి ఆరేశాడు. "నక్కకు పరుగే రాదు, గెంతమంటే ఆవులిస్తుంది" అని రాసి, అయిదుకు ఒకటి ఇచ్చాడు. ఆట కొనిచ్చింది గదిలో కలిసి ఉండే స్నేహితుడు సోడాబుడ్డి. దళసరి కళ్లద్దాల వల్ల వచ్చిన పేరు అది.

"నువ్వు ఆడలేదురా, ఎవరో తరిమినట్టు పోయావు" అన్నాడు సోడాబుడ్డి, సమీక్ష చదివి.

"నీకసలు తెర కనిపించిందా, గుడ్డోడా?" అన్నాడు ఇతను, నలుగురిలో.

నెల తిరక్కుండా సోడాబుడ్డి గది ఖాళీ చేశాడు. తర్వాత మాటల్లేవు.

ఇప్పుడు వేళ్లలో ఆ చురుకు లేదు. గుహ అంచున బొటనవేలు నొప్పిపుట్టి ఆగాడు. నక్కపిల్ల చతికిలబడి తోక చుట్టుకుంది. కాసేపటికి మిణుగురులు దిగివచ్చి, చీకట్లో కనపడని మెట్లను ఒక్కొక్కటే వెలిగించాయి. అతను నోరు తెరిచాడు. అప్పట్లో ఈ గుహను అరనిమిషంలో దాటేశాడు మరి! అయిదో మజిలీలో కాలు పెట్టగానే విరిగే మంచు వంతెనలు మాత్రం అప్పుడూ అన్యాయమే, ఇప్పుడూ అన్యాయమే. సాయంత్రానికి ఆట ముగించి, పక్కకు తిరిగాడు. "చూశావా" అనడానికి ఎవరూ లేరు.

వాళ్లనీ వీళ్లనీ అడిగి సోడాబుడ్డి నంబరు సంపాదించాడు.

"ఒరేయ్, ఆ నక్కపిల్ల ఆట... నువ్వన్నదే నిజంరా. నేనే తప్పు రాశాను."

"ఏ నక్కరా?" అన్నాడు సోడాబుడ్డి.

"నువ్వు కొనిచ్చిందే. దాని గురించేగా గొడవపడ్డాం."

"ఆట గుర్తులేదు. నలుగురిలో గుడ్డోడా అన్నావు, అది గుర్తుంది."

"అదీ తప్పేరా."

"సరేలే. పిల్లలు పిలుస్తున్నారు, ఉంటా."

ఫోను పెట్టేసి, కాగితం తీసి, కొత్త సమీక్షను మిణుగురుల దగ్గర మొదలుపెట్టాడు. మంచు వంతెనలను మాత్రం వదల్లేదు. అయిదుకు మూడున్నర ఇచ్చాడు. పత్రిక మూతబడి చాలా ఏళ్లయింది. సోడాబుడ్డికే పంపుదామంటే, చిరునామా అడగనే లేదు.