ఏడో అంతస్తులో బర్రె

తెల్లారగానే శివమ్మ వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేసి, పొయ్యి మీద చాయ్ పెట్టి వెనక తలుపు తీసింది. గడపదాకా సముద్రం వచ్చి ఉంది. రాత్రి నానబెట్టిన బోళ్లలో ఒక గిన్నె కొట్టుకుపోయింది. పోతే పోయింది, ఎట్లాగూ సొట్టదే అనుకుని, మిగిలినవి అక్కడి ఇసుకతోనే తోమి సందులోని బోరు నీళ్లతో కడిగింది. సముద్రం నీళ్లతో కడిగితే స్టీలు మీద తెల్లటి చారలు పడతాయని ఆమెకు ఈ మధ్యనే తెలిసొచ్చింది.

తొండుపల్లిలో ఈ సముద్రం గురించి పెద్దగా మాట్లాడినవాళ్లు లేరు. ఎయిర్‌పోర్టు పక్కన ఊరు. నిన్న ఉన్న చెలక ఇవాళ రోడ్డు కావడం, ఇవాళ ఉన్న రోడ్డు రేపు గోడ కావడం అక్కడివాళ్లకు అలవాటే. పక్కింటి సురయ్యా మాత్రం చెమ్మ తన గోడకు పాకదు కదా అని ఒక మాట అడిగింది. పాకదని తేలాక ఆమె కూడా మధ్యాహ్నం పనులు తెముల్చుకుని వచ్చి, గడప మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకునేది.

"దవాఖాన గోలీలతోని తగ్గని కాళ్ల గుంజుడు దీంతోని తగ్గింది శివమ్మక్కా," అనేది.

సముద్రాన్ని తెచ్చింది శివమ్మ మొగుడు బుచ్చయ్య. కావాలని తెచ్చింది కాదు. ఆయన మెట్ట రైతు. మహేశ్వరం రోడ్డు మీది చెలకలో ఆయన వేయించిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. చివరికి ఆ చెలక ప్లాట్లవాళ్లకు పోయింది. చేతికొచ్చిన డబ్బు ఏం చేయాలో తోచక తిరుగుతున్న రోజుల్లో, అరుణ్‌కుమార్ అనే మనిషి ఆయన్ని శంషాబాద్‌లో చల్లటి ఆఫీసులో కూర్చోబెట్టి ఒక బొమ్మ చూపించాడు. ఎక్కడో ఒక దీవి, ఒడ్డున తెల్లటి మేడ, అందులో ఏడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీ ముందు చూపు ఆనినంత మేర నీళ్లు. జీవితమంతా నేలలోకి వంగి నీళ్లు వెతికిన మనిషి ఆ బొమ్మ ముందు కళ్లనీళ్లు పెట్టుకుని, అక్కడికక్కడే సంతకం చేసేశాడు.

"ఇగ గీ దుమ్ముల ఉండుడు చాలు. ఆడనే ఉందాం, సచ్చేదాక నీళ్లు చూసుకుంట," అని ఇంటికొచ్చి శివమ్మకు చెప్పాడు. ఉన్న ఇంటిని ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలకు కిరాయికి ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు. దసరా పోయాక వాళ్లు దిగాలి.

శివమ్మ "నీ ఇష్టం" అన్నది. పెళ్లైన నాటి నుంచి ఆమె అనే మాట అదే. నిజానికి ఆమెకు ఆ ఇల్లు, ఆ పెరడు, పక్కింట్లో సురయ్యా ఉంటే చాలు. ఏ దీవికీ వెళ్లాలని లేదు. ఆ లేదన్న మాట నోట్లోంచి ఎట్లా బయటికి తీయాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

పాస్‌పోర్టులు రాకముందే మూఢాలు వచ్చిపడుతున్నాయి. మూఢాల్లో గృహప్రవేశం కుదరదు, అవి పోయేదాకా ఆగడం బుచ్చయ్య వల్ల కాదు. ముహూర్తం దాటకుండా ఇక్కడే కానిద్దాం, ఫ్లాటు బొమ్మ పెట్టుకుంటే సరిపోతుందని అయ్యగారు తేల్చాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కంటితో చూడని ఇంటికి తొండుపల్లిలో గృహప్రవేశం జరిగింది. బొమ్మను వెనక తలుపుకు మేకుతో కొట్టారు, పైన గుమ్మడికాయ కట్టారు. ఇంటి బర్రె సూడిది, పాలివ్వడం మానేసింది కాబట్టి ప్యాకెట్ పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టారు. పాలు తూర్పుకే చక్కగా పొంగాయి. బుచ్చయ్య దండం పెట్టుకుని వెనక తలుపు తీశాడు.

సముద్రం. పెరడు లేదు. జామచెట్టు లేదు, బట్టలుతికే బండ లేదు, గోలెం లేదు, గుంజకు కట్టిన బర్రె లేదు.

బుచ్చయ్య ఆ రోజంతా గడపలో కూర్చుని నీళ్లే చూశాడు. పొద్దు వాలుతుండగా ఆయనకొక అనుమానం వచ్చింది.

"సముద్రం గీడికొస్తే, మరి ఆడ ఏమున్నట్టు?"

"నన్నడిగితే నాకేం ఎరుక? బర్రె యాడ వాయె, ముందు అది చెప్పు," అన్నది శివమ్మ.

మర్నాడు అరుణ్‌కుమార్ ఫోన్ చేశాడు. "నమస్కారమండీ బుచ్చయ్యగారూ. చిన్న ఇబ్బంది వచ్చిందండీ. మీ ఫ్లాటులోంచి బర్రె అరుపులు వినపడుతున్నాయని పక్కవాళ్లు ఫిర్యాదు చేశారు. ఆ మేడలో పశువులను పెంచకూడదండీ. మీరు సంతకం చేసిన నిబంధనల్లో ఉంది."

"నేను పెట్టలే సారూ, అదే వచ్చింది," అన్నాడు బుచ్చయ్య.

"అదేలెండి. బాల్కనీ తలుపు తీస్తే మీ పెరడు కనిపిస్తోందట. అందులో జామచెట్టు కూడా ఉందట. చెట్టుకు అభ్యంతరం లేదండీ, బర్రెతోనే."

అక్కడి వాచ్‌మన్ దయగలవాడు. కొబ్బరాకులు, అనాసపండ్ల తొక్కలు వేసి, గోలెం నిండా నీళ్లు పోసి బర్రెను చూసుకున్నాడు. అరుణ్‌కుమార్ దాని ఫోటోలు పంపేవాడు. తిండి పడిందేమో, ఒళ్లు నిగనిగలాడుతోంది. శివమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని బర్రెను, దాని వెనకాల తన బండను, దండెం మీద తను ఆరేసి మరిచిన చీరను చూస్తూ కూర్చునేది. వంటిల్లు ఇక్కడ, పెరడు అక్కడ. తనిప్పుడు ఏ ఇంట్లో ఉన్నట్టు? వెళ్లనంటే పెరడు పోతుంది, వెళ్తే వంటిల్లు పోతుంది. సురయ్యాను అడిగితే, ఆమె చాలాసేపు నీళ్లలో కాళ్లాడిస్తూ ఆలోచించింది.

"నాకూ పరేషానే ఉన్నదక్కా," అన్నది చివరికి.

బుచ్చయ్యది ఇంకో తికమక. ఇక్కడుంటే సముద్రం ఉంది, కానీ ఇల్లు కిరాయికి ఇస్తానని మాటిచ్చాడు. అక్కడికి పోతే ఫ్లాటు ఉంది, కానీ తలుపు తీస్తే తను వదిలించుకోవాలనుకున్న పెరడే. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని ఆయన మంచమెక్కాడు. శివమ్మే పోయి అయ్యగారిని పిలుచుకొచ్చింది.

అయ్యగారు వెనక తలుపు దగ్గర నిలబడి, పంచె తడవకుండా పైకి పట్టుకుని చూశాడు. "ప్యాకెట్ పాలు వాడాం, అక్కడొచ్చింది తేడా. అందుకే ఇల్లు రెండు ముక్కలైంది. బర్రె ఈనాక దాని పాలు పొంగించండి. ఆ ఫ్లాటు వంటింట్లో పొంగితే ఇక్కడి ఇల్లు, సామాను, ఇల్లాలు అన్నీ అక్కడికి చేరతాయి. అక్కడున్న ఆ పెరట్లో పొంగితే పెరడు ఇక్కడికి వచ్చేస్తుంది, సముద్రం దాని చోటికి అది పోతుంది. ఏది కావాలో మీరే చూసుకోండి," అన్నాడు.

బుచ్చయ్య మంచం దిగాడు. "ఇంకేంది మరి! శివమ్మా, నీకు యిమానం ఎక్కే పని గూడ లేదు. ఆడ వంటింట్ల పాలు నేను పొంగిస్త, నువ్వు ఈడ కూసున్నదానివి కూసున్నట్టె ఆడికొస్తవు. పెరడుంటది, సముద్రముంటది, నువ్వుంటవు."

"నీ ఇష్టం," అన్నది శివమ్మ.

పాస్‌పోర్టులు వచ్చాయి. బర్రెకు నెలలు నిండాయి, ఈనడమంటే తన వల్ల కాదని వాచ్‌మన్ చేతులెత్తేశాడు. బుచ్చయ్య ఒక సంచీ సర్దుకుని బయల్దేరాడు. ఆ రోజు శివమ్మ ముందు వాకిట్లో నిలబడి ఆకాశం చూసింది. ఏ విమానం ఆయనదో తెలియలేదు. లేచిన ప్రతిదానికీ చేయి ఊపింది.

దీవి చేరాక బుచ్చయ్య ఫోన్ చేశాడు. "నా తలకాయ తిరుగుతున్నది శివమ్మా. లిఫ్టుల కిందికి పోతే సముద్రం. పైకొచ్చి తలుపు తీస్తే మన పెరడు. పైన మన ఊరి యిమానాలే దిగుతున్నయ్. నేను యాడున్ననో నాకే సమజైతలేదు."

"బర్రె ఎట్లున్నది?"

"నన్ను చూసి మొకం తిప్పుకున్నది."

బర్రె ఈనింది. శివమ్మ వంటింట్లో కూర్చుని ఫోన్‌లో చెప్తూ ఉంటే ఆయన అక్కడ పురుడు పోశాడు. ఆడ దుడ్డె. అది తడబడుతూ లేచి నిలబడ్డప్పుడు ఇద్దరూ ఏడ్చారు, ఆయన అక్కడ, ఆమె ఇక్కడ. బుచ్చయ్య ఆగలేక వెంటనే పాలు పిండి ఫ్లాటు వంటింట్లో స్టవ్ మీద పెట్టాడు.

"పొంగుతలేవు. గడ్డ కడుతున్నయ్," అని ఫోన్ చేశాడు.

"జున్నుపాలు యాడనన్న పొంగుతయా? బెల్లం ఏసుకొని తిను. మంచి పాలు పడేదాక ఆగు," అన్నది శివమ్మ. ఇంతకాలం బర్రెను సాకిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. ఆత్రం. ఆమె మాత్రం జున్నుపాలకు మనసులో దండం పెట్టుకుంది.

ఆ నాలుగు రోజులూ బుచ్చయ్య పొద్దున పెరట్లో పేడ ఎత్తి, సాయంత్రం లిఫ్టులో కిందికి దిగి నీళ్ల ఒడ్డున కూర్చున్నాడు. కోరుకున్నది అదే. కడుపు నిండా నీళ్లు చూశాడు. ఒకరోజు ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పాడు. "మన దిక్కు మనిషొకడు కలిసి, ఏ ఊరే పెద్దాయనా అన్నడు. తొండుపల్లి అనాల్నా, గిదే మా ఊరనాల్నా? ఏం చెప్పక లేసొచ్చిన." శివమ్మకు ఆయన మీద జాలి వేసింది. ఆ జాలితోనే ఇంకో రెండు రోజులు నోరు మూసుకుంది.

చివరికి ఆ ఫోన్ రానే వచ్చింది.

"పాలు మంచిగైనయ్. రేపు పొద్దుగాల పొంగిస్త. కుండలు, సీసాలు కింద పెట్టుకో, ఇల్లు కదిలేటప్పుడు పడి పలుగుతయ్."

వెనక తలుపు అవతల అలలు వచ్చి పోతున్నాయి.

"ఇంటున్నవా?" అన్నాడు బుచ్చయ్య.

"నాకు రావాలని లేదు," అన్నది శివమ్మ.

"ఏంది?"

"నాకు ఆడికి రావాలని లేదయ్యా. మొదటికెల్లి లేదు. నీకు నీళ్లంటే పానం అని చెప్పలే. ఇప్పుడన్న చెప్పకుంటే పాలు పొంగుతయని చెప్తున్న."

అవతలినుంచి బర్రె నెమరేసే చప్పుడు వినపడింది. తర్వాత ఫోన్ కట్టయింది. శివమ్మ మళ్లీ చేయలేదు. అన్నాక ఆమెకు భయం వేసింది, దాంతోపాటే ఎన్నడూ లేని తేలిక కూడా అనిపించింది. ఏది నిజమో తేల్చుకోలేక, లేచి కుండలన్నీ కింద పెట్టింది.

సురయ్యా వచ్చి సంగతి విని కూలబడింది. "నువ్వు పోతే గీ జాగల ఏముంటదక్కా?"

"ఏమో. ఆ మేడ ముక్క ఏదన్న వస్తదేమో."

"మేడతోని నేనేం మాట్లాడాలె," అని సురయ్యా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తెల్లారాక శివమ్మ స్నానం చేసి, వంటింట్లో గోడకు వీపు ఆనించి కూర్చుంది. చాయ్ కూడా పెట్టుకోలేదు. ఉన్నట్టుండి అలల చప్పుడు ఆగిపోయింది. వెనక తలుపు అవతల బర్రె అరిచింది. దుడ్డె దానికి బదులు అరిచింది.

శివమ్మ వెనక తలుపు తీయలేదు. పెరడు వచ్చింది, అదొక్కటే తెలుస్తోంది. పెరడు తన దగ్గరికి వచ్చిందా, తనే పెరడున్న చోటికి పోయిందా? ఎటు పొంగినా వెనకాల పెరడే ఉంటుంది. తెలిసేది ముందు తలుపు తీస్తేనే. ఆమె గోడ పట్టుకుని లేచింది. ముందు గదిలోకి నడిచి గొళ్లెం మీద చేయి వేసి, తీయలేక అట్లాగే నిలబడింది. తీస్తే లిఫ్టు ఉంటుందేమో. ముక్కూ మొహం తెలియని మనుషులుంటారేమో. కాసేపటికి కళ్లు మూసుకుని గొళ్లెం లాగింది.

"ఏందక్కా, గట్ల కండ్లు మూసుకొని నిలబడ్డవ్?" అన్న గొంతు వినపడింది. కళ్లు తెరిస్తే ఎదురుగా చీపురు పట్టుకుని సురయ్యా, ఆమె వెనక తొండుపల్లి సందు, సందులో ఎవరిదో ఆటో.

శివమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. సురయ్యా చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, ఇల్లంతా దాటుకుంటూ పరుగున పోయి వెనక తలుపు తీసింది.

జామచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి ఇంకా పొగ చిమ్ముతోంది. గిన్నె చుట్టూ పొంగిన పాలు నేల మీదికి కారి, మట్టిలోకి ఇంకుతున్నాయి. బుచ్చయ్య గొంతుక్కూర్చుని దుడ్డె మెడ నిమురుతున్నాడు. ఎయిర్‌పోర్టు లెక్క ప్రకారం ఆయన విదేశానికి పోయినవాడే, తిరిగొచ్చినట్టు ఏ పుస్తకంలోనూ ముద్ర లేదు.

"లోపల గంత మంచి స్టవ్ ఉన్నదంటివి. రాళ్లెందుకు పెట్టినవ్?" అన్నది శివమ్మ.

బుచ్చయ్య తలెత్తలేదు. "నీకు రావాలని లేదంటివి గద."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ పొయ్యి వంక చూశారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగవల్ల అనుకోవచ్చు, కానీ ఆమె అట్లా అనుకోలేదు. ఈ మనిషి తన కోసం అంత నీళ్లను వదులుకొచ్చాడని ఆమెకు తెలుసు.

"మస్తు నీళ్లున్నయ్ శివమ్మా ఆడ," అన్నాడు. "చూసిన. ఎంతసేపు చూసినా, చూసినవా అని అడగనీకె పక్కన ఎవ్వరు లేకపాయె."

ఆయన లేచి, లుంగీ దులుపుకుని, జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కిరాయి పోరగాళ్లకు ఫోన్ చెయ్యి. ఇల్లు ఖాళీ లేదని చెప్పు."