చెట్టెక్కని పేరు

పొద్దున్నే ఫోను చూస్తూ సాయిసుధ పకపకా నవ్వింది. "అమ్మా, నువ్వు చచ్చిపోయావంట! చచ్చిపోయాక నన్నూ తమ్ముణ్ణీ కన్నావంట!"

గోరుచిక్కుళ్ళు తుంచుతున్న సూర్యకళ చెయ్యి ఆగిపోయింది.

సంగతేమిటంటే, ఆమె భర్త చంద్రరావుకి బుల్లిబాబు అని ఒక బాబాయి కొడుకున్నాడు. రాజమండ్రిలో రిటైరై, కూర్చుని తినలేక వంశవృక్షం వెబ్‌సైటు పెట్టాడు. కార్తీక వనభోజనాలకి కోరుకొండ కింద తోటలో దాన్నే పెద్ద ఫ్లెక్సీ చేసి కడతాడట. తప్పులుంటే ముందే చెప్పమని అందరికీ పంపించాడు.

కొవ్వూరులో ఉన్న వీళ్ళ కొమ్మలో చంద్రరావు పక్కన ఒక్క భార్యే ఉంది. అన్నపూర్ణమ్మ. పేరు కింద దీపం బొమ్మ, చనిపోయిన ఏడు. ఆ కిందే ఇద్దరు పిల్లలు. తల్లి పోయాక పిల్లలు పుట్టడమేంటని మెషీనుకే అనుమానం వచ్చి ఎర్ర గుర్తు పెట్టింది.

"ఆ పోయినావిడ నేను కాదే. మీ నాన్నగారి మొదటి భార్య," అంది సూర్యకళ.

"అది తెలుసు. నీ పేరు కూడా అన్నపూర్ణే కదా?"

"కాదు. సూర్యకళ."

సాయిసుధ నవ్వు ఆగిపోయింది. "అమ్మమ్మ 'కళా' అంటుంటే ముద్దుపేరనుకున్నాను."

రెండో పెళ్ళికి వచ్చిన పిల్ల మెడలో మొదటామె పేరున బంగారు రూపు వెయ్యడం ఉన్నదే. సూర్యకళకీ వేశారు. అత్తగారు పాపాయమ్మకి అది చాల్లేదు. తన చోటు ఎవరికిచ్చారని పోయిన కోడలు వచ్చి అడుగుతుందేమోనని భయం. అందుకని కొత్త కోడల్ని గుమ్మంలోనే "అన్నపూర్ణా, కుడికాలు పెట్టవే" అని పిలిచింది. ఊరూ అలాగే పిలిచింది. జనాభా లెక్కల వాళ్ళొస్తే అరుగు మీద నుంచి ఆవిడే చెప్పింది. రేషన్ కార్డు నుంచి ఓటరు కార్డుకీ, దాన్నుంచి ఆధార్‌కీ అదే పేరు పాకింది. ఇక చంద్రరావుకి "ఏమే" చాలు. పేరుతో ఆయనకేం పని?

సూర్యకళ ఇన్నేళ్ళూ ఊరుకుంది. కానీ తన కడుపున పుట్టిన పిల్లలు ఇంకొకరి కింద వేలాడుతుంటే చూడలేకపోయింది. వాళ్ళ పైన తన పేరుండాలి. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

బుల్లిబాబుకి ఫోన్ చేసింది.

"అయ్యో వదినగారూ, పెట్టేస్తానండి. ఏదైనా ప్రూఫ్ వాట్సాప్‌లో పెట్టండి చాలు. రేపు ఎవరైనా అడిగితే నేను చూపించాలి కదండీ."

ప్రూఫ్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? పెళ్ళి ఆ కోరుకొండ మీది గుళ్ళోనే గుట్టుగా జరిగింది. శుభలేఖ లేదు, ఫొటో లేదు. ఉన్న కార్డులన్నీ ఆమె అన్నపూర్ణమ్మేనని ఘోషిస్తున్నాయి. ఆ మాటే చెప్పింది.

"పోనీ అన్నయ్య ఒక్క మాట చెప్పినా సరేనండి," అన్నాడు బుల్లిబాబు.

అరుగు మీద పేపరు చదువుతున్న చంద్రరావు చేతికి ఆమె ఫోను ఇచ్చింది. అన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన నోట తన పేరు వినబోతున్నానని దగ్గరికి జరిగింది.

ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "నీకు మతి గానీ పోయిందా? పొలం ఆ పేరున ఉంది. బ్యాంకు బుక్కు ఆ పేరున ఉంది. ఇప్పుడు నువ్వు అన్నపూర్ణవి కాదంటే, రేపు అవన్నీ ఎవరివి అంటారు?"

అన్నపూర్ణనేనంటే తన పేరు పోతుంది, కాదంటే పిల్లల పొలం పోతుంది. ఆమె పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

"ఒరే బుల్లిబాబూ, ఆ చావు తేదీ తప్పురా. తీసెయ్," అన్నాడు చంద్రరావు.

తీసేశాడు. దీపం బొమ్మ పోయింది, ఎర్ర గుర్తూ పోయింది. మెషీను శాంతించింది.

సూర్యకళ మెడలోని రూపు పట్టుకుని వంటింట్లో కూర్చుంది. ఆ మొదటి పిల్లని తలుచుకుంటే ఏడుపొచ్చింది. దానికి ఈ ఇంట్లో మిగిలింది ఆ చావొక్కటే. ఇప్పుడదీ లేకుండా పోయింది.

వనభోజనాల నాడు తోటంతా కోలాహలం. ఎవరి పేరు దగ్గర వాళ్ళు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. సూర్యకళ ఫ్లెక్సీ ముందు నిలబడి ఆ కొమ్మనే చూస్తోంది. వెనక నుంచి సాయిసుధ, తల్లిని సంతోషపెడదామని, ఫోను పైకెత్తి గట్టిగా పిలిచింది.

"సూర్యకళగారూ! ఇటు చూడండి!"

ఎవరినో పిలుస్తున్నారనుకుంది సూర్యకళ. మళ్ళీ పిలిచినా కదల్లేదు.

"అన్నపూర్ణమ్మ వదినగారూ!" అన్నాడు బుల్లిబాబు.

ఆమె చప్పున వెనక్కి తిరిగింది. సాయిసుధ ఫోను దించేసింది.

"తియ్యమ్మా, తియ్యి. బాగుంది," అన్నాడు బుల్లిబాబు.