పెరటి గదికి తీగ

నెలలో బయట ఉండే ఆ మూడు రోజుల్లో స్వామి పాట నా చెవిన పడితే దోషం ఎవరికి? నాకా, పాటకా, స్వామికా? కాపురానికి వచ్చిన ఏడాది పుట్టిన సందేహం ఇది. ఇరవై రెండేళ్ళుగా ఎవరినీ అడగలేదు. గుడిలో అర్చకుణ్ణి అడిగే మాట కాదు, ఇంట్లో మగవాళ్ళ ముందు ఎత్తే మాట కాదు. పదో తరగతితో చదువు ఆగిన నాకు పుస్తకాల్లో వెతకడం చేతకాదు. చివరికి ఒక స్పీకరు తీగ దగ్గర ఆ సందేహం నా నోట్లోంచి వచ్చింది.

చీపురుపల్లిలో, స్టేషనుకి ఆవల కొత్త వీధిలో మేం ఇల్లు కడుతున్నాం. గోడలు లేచాయి, స్లాబు పడింది, ప్లాస్టరింగు మిగిలింది. మా ఆయన ఉదయభాస్కర్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకున్న సరదా ఒక్కటే, పాటలు. కొత్త ఇంట్లో ఏ గదిలో ఉన్నా పాట వినిపించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నారు. హాల్లో రెండు స్పీకర్లు, వంటింట్లో ఒకటి, పడగ్గదుల్లో ఒక్కొక్కటి, వరండాలో ఒకటి. అన్నిటికీ పాట పంపే ఆంప్లిఫయరు పెట్టె మాత్రం ఒక్కటే. దాని నుంచి ప్రతి గదికీ గోడ లోపల పైపులో తీగ వెళుతుంది. గదిగదికీ గోడ మీద ఒక గుండీ ఉంటుంది. అది తిప్పి శబ్దం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపేయవచ్చు. ఇదంతా ఒక శుభలేఖ వెనక బొమ్మ గీసి నాకు చూపించారు.

ఆ పెట్టె ఎక్కడుండాలో తేల్చింది మా మావగారు, జానకిరామయ్యగారు. ఆయన నలభై ఏళ్ళు గుడి సేవలో ఉన్నారు. స్వామి ముందు పాడేవారు. "పాట పుట్టేది స్వామి దగ్గర. పెట్టె పూజగదిలో పెట్టండి" అన్నారు. ఆ మాట నాకూ నచ్చింది. శుభలేఖ వెనక పూజగది నుంచి అన్ని గదులకీ గీతలు వెళ్ళాయి, ఒక్క గదికి తప్ప.

అది పెరటి గది. ఆ మూడు రోజులూ మా ఇంటి ఆడవాళ్ళు ఉండే గది. మా పాత ఊరి ఇంట్లో పశువులశాల పక్కన రేకుల పంచ ఉండేది. కొత్త ఇంట్లో టైల్సు, ఫ్యాను, పక్కనే బాత్‌రూము. ఇంతకన్నా ఏం కావాలన్నారు అందరూ. ఇంటరు చదువుతున్న మా అమ్మాయి విశాలి మాత్రం బొమ్మ చూసి, "ఈ గదికి లేదేం నాన్నా?" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మర్నాడు ప్లాస్టరింగు వాళ్ళు వస్తారనగా ఎలక్ట్రీషియన్ లక్ష్ముడు వచ్చాడు. ఆ వేళే గోడలు చెక్కి పైపులు పెట్టెయ్యాలి. శుభలేఖ చేత్తో పట్టుకుని గదులన్నీ తిరిగి నీలం సుద్దతో గీతలు గీశాడు. పెరటి గది గుమ్మంలో ఆగాడు.

"అమ్మా, ఈ గదికి నేదేటి? మాస్టారు మర్సిపోనారా?"

"మరచిపోలేదు" అన్నారు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మావగారు. "ఆ గదికి వద్దు. పూజగదిలో పెట్టె నుంచి తీగ అక్కడికి వెళితే పూజగదికి అంటు కలిసినట్టే."

లక్ష్ముడు తీగ చుట్ట ఎత్తి చూపించాడు. "పంతులుగారూ, దీని మీద పలాస్టీకు ఉన్నాది. లోపల కరెంటు పారతన్నా మనకి సాకు కొట్టదు. మైలెలాగ తగులుతాది?"

"నీ పని నువ్వు చూసుకోరా."

"నా పనదే కదండీ. తగలకుండా సూడ్డమే నా పని."

విశాలి ఫక్కున నవ్వింది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. నవ్వు ఆగాక, నాకే తెలియకుండా అడిగేశాను.

"మావయ్యగారూ, పూజగదిలో లైటుకీ పెరటి గదిలో ఫ్యానుకీ కరెంటు ఒకే బోర్డు నుంచి కదా వస్తుంది? ఆ తీగలకి లేని అంటు ఈ తీగకి ఎందుకు?"

"కరెంటు వేరు, స్వామి పాట వేరమ్మా."

"ధనుర్మాసంలో మీరు గుడి మైకులో పాడితే ఊరంతా వినపడేది. పంచలో ఉన్న నాకూ వినపడేది. మీ పాటకి దోషం వచ్చిందా?"

ఆయన నావైపు చూశారు. "ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"ఏమంటారోనని అడగలేదు. రేపు గోడ మూసేస్తారు, అందుకని అడుగుతున్నాను."

వరండాలోంచి వింటున్న మా ఆయన కల్పించుకున్నారు. "ఒక పని చేద్దాం. పెరటి గదికీ తీగ వేద్దాం. గుండీ మాత్రం హాల్లో పెడదాం. ఆ రోజుల్లో నాన్నగారు ఆపుకుంటారు, మిగతా రోజుల్లో మోగుతుంది."

మావగారు సరేనన్నట్టు తలూపారు. లక్ష్ముడు సుద్ద అందుకున్నాడు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అదే ఖాయమయ్యేది.

"వద్దు. గుండీ గదిలోనే ఉండాలి" అన్నాను. "లోపలున్న మనిషి చేతికి అందాలి."

"తీగ వస్తోంది కదా జగదా, ఇంకేం?" అన్నారు మా ఆయన.

"తీగ వస్తుంది. పాట రావాలో వద్దో హాల్లో కూర్చున్నవాళ్ళు చెబుతారు. అలాంటి తీగ నాకొద్దు."

"నేనున్నంత కాలం అది జరగదు" అన్నారు మావగారు.

"అయితే ఆ మూడు రోజులూ హాల్లో కూర్చుంటాను మావయ్యగారూ. ఇక్కడ రెండు స్పీకర్లున్నాయి."

ఈ మాట అన్నది నేనేనా అనిపించింది. ఏకాదశి తప్పని మనిషిని. దీపం పెట్టకుండా కాఫీ ముట్టని మనిషిని. నా పంతం స్వామి మీద కాదు. ఆ మూడు రోజులూ నన్ను దూరంగా ఉండమన్నవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, స్వామి అనగా నేను వినలేదు. పోనీ, ఆ గదితో నాకింకా ఎన్నేళ్ళు? నాలుగో, అయిదో. ఆ తరవాత ఆ గది విశాలిది.

"నేనసలు ఆ గదిలోకే వెళ్ళను" అంది విశాలి, నా మనసులో మాట విన్నట్టు.

"ఆ సంగతి తరవాత చూద్దాం. ముందు గుండీ" అన్నాను.

మావగారు కుర్చీలో ముందుకి వంగారు. "ఇరవై రెండేళ్ళు లేని అవసరం ఇవాళేం వచ్చిందమ్మా?"

"ఇరవై రెండేళ్ళూ ఉంది" అని, ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను.

రేకుల పంచ వెనక గోడకి అవతల అసిరమ్మ ఇల్లు. వ్యవసాయం వాళ్ళు. కాపురానికి వచ్చిన ఏడాది, కార్తీక సోమవారం నాడే నేను పంచలో చేరాల్సి వచ్చింది. దీపం పెట్టలేకపోయానని ఏడుస్తుంటే అసిరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏటి కోడలమ్మా, ఏటైనాది?" అని అడిగి, నేను చెప్పిందంతా విని, తన రేడియో తెచ్చి నావైపు తిప్పి గోడ మీద పెట్టింది. మూడు రోజులు, స్వామి పాట ఎప్పుడొస్తే అప్పుడు నేను వినాలని, పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా ఆపలేదు. మూడో రోజు సాయంత్రం సెల్లులు అయిపోయాయి. కొత్తవి నేనిస్తానన్నాను. ఇద్దువులే అంది. నేను ఇవ్వలేదు. సెల్లులు తెప్పించుకోవాలంటే ఎందుకో ఎవరికో చెప్పాలి. చెప్పలేక కొన్నాళ్ళు, సిగ్గుపడి కొన్నేళ్ళు గడిచిపోయాయి.

"ఆ రేడియో మీకు వినపడలేదా మావయ్యగారూ?" అని అడిగాను.



"వినపడింది. అసిరమ్మకి భక్తి ఎక్కువనుకున్నాను" అన్నారు.

ఆ పైన అవునని గాని కాదని గాని అనలేదు. లేచి, చేతికర్ర అందుకుని, వీధిలోకి నడిచారు. నేను లక్ష్ముడి చేతిలోంచి సుద్ద తీసుకుని పెరటి గదిలోకి వెళ్ళాను. మంచం వేసే చోట గోడ పక్కన కూర్చుని, చెయ్యి చాపి, అందిన చోట గుండ్రంగా గీశాను.

"ఇక్కడ."

లక్ష్ముడు మా ఆయన వైపు చూశాడు. ఆయన శుభలేఖ తిరగేసి, జేబులో పెన్ను తీసి, పూజగది నుంచి పెరటి గదికి గీత గీశారు. గీత కాస్త వంకరగా వచ్చింది. దిద్దలేదు.

"చెక్కు" అన్నారు.

"మరీ ఇంత కిందకా అమ్మా? సిన్నపిల్లలొస్తే తిప్పేత్తారు."

"తిప్పనీ."

సాయంత్రం మావగారు తిరిగి వచ్చేసరికి పైపు గోడలో కూర్చుంది, పైన సిమెంటు తడిగా ఉంది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూశారు. లోపలికి రాలేదు. పీకెయ్యమనీ అనలేదు. "తీగ మీద ప్లాస్టిక్ మంచిదేనా?" అని లక్ష్ముణ్ణి అడిగారు.

ఆ ఆదివారం మూడు పెద్ద సెల్లులు కొని, ఆటో ఎక్కి మా పాత ఊరు వెళ్ళాను. అసిరమ్మ అరుగు మీద కూర్చుని చాటలో చోళ్ళ గింజలు చెరుగుతోంది. సెల్లులు ఆమె ఒళ్ళో పెట్టి, ఎందుకో చెప్పాను.

"రేడియో ఎప్పుడో పోనాది కోడలమ్మా. ఇప్పుడివేటి సేసుకుంటాను?"

"ఏమైనా చేసుకో అత్తా. నేను మాత్రం వెనక్కి తీసుకెళ్ళను."

"ఈ మూడు సెల్లులకి ఇంత దూరమొచ్చినావేటి, ఎర్రిదానా" అంటూనే లేచి లోపలికెళ్ళి, పొలానికి పట్టుకెళ్ళే పొడుగు టార్చి తెచ్చింది. దాని అడుగు విప్పి, తుప్పు పట్టిన సెల్లులు దులిపేసి, కొత్తవి మూడూ ఒకదాని వెనక ఒకటి జారవిడిచింది. మూత బిగించి, ఎండలోనే నా మొహం మీద వెలిగించి చూసింది.

"ఎలుగుతన్నాది" అని, టార్చి చాట పక్కన పెట్టుకుంది. "కూకో, టీ ఎడతాను."